అటక మీది గంజాయి ఇంటికి చేటు

'తులసి వనంలో గంజాయి మొక్క' అని పల్లెల్లో ఒక మాట ఉన్నది. మంచి ఇంట పుట్టి చెడుదారి పట్టినవాణ్ణి చూసి పెద్దలు అనే మాట అది. నిన్న మొన్నటి దాకా అది సామెతగానే ఉండేది. ఇప్పుడు అక్షరాలా నిజమయ్యే రోజులు వచ్చాయి. వాకిట్లో తులసి కోట, వెనుక గదిలో గంజాయి కుండీ అనే పరిస్థితి పట్నాల్లో ఇదివరకే కనబడింది. అది పల్లెకు పాకకముందే జగదేవ్‌పూర్ మండల ప్రజలు, ముఖ్యంగా వయసుకొచ్చిన పిల్లలున్న తల్లిదండ్రులు, కొన్ని సంగతులు తెలుసుకొని ఉండడం మంచిది.

గంజాయి అంటే ఇన్నాళ్లూ చేలల్లో పెరిగే మొక్క. ఉమ్మడి మెదక్ జిల్లాలో నారాయణఖేడ్ వైపు పత్తి, కంది చేలల నడుమ సాళ్లలో దాచి పెంచిన గంజాయిని అధికారులు పలుమార్లు పీకి తగులబెట్టారు. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు మన్యంలో 'శీలావతి' పేరున పండే సరుకు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2021లో 'ఆపరేషన్ పరివర్తన్' పేరిట అక్కడి తోటలను నరికించారు. పట్టుబడిన సుమారు 2 లక్షల కిలోల గంజాయిని 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి సమీపంలో ఒకేసారి కాల్చివేశారు. ఆ మంటలను దేశమంతా చూసింది.

చేలల్లో పెంచితే పైనుంచి డ్రోన్లు చూస్తున్నాయి, కింద ఆబ్కారీవారు తిరుగుతున్నారు. కనుక ఇప్పుడు కొందరి కన్ను ఇంటి గదుల మీద పడింది. 2017 మార్చిలో హైదరాబాద్ శివారు మణికొండలో ఒక యువకుడు అద్దె ఫ్లాటులో సుమారు 40 కుండీల్లో గంజాయి పెంచుతూ పట్టుబడ్డాడు. ఎండకు బదులు కరెంటు దీపాలు, గాలికి బదులు ఫ్యాన్లు, చల్లదనానికి ఏసీ. ఇరుగుపొరుగువారికి అది మామూలు కాపురం ఉండే ఇల్లే. పోలీసులు తలుపు తట్టిన రోజున గాని లోపలున్నది తోట అని తెలియలేదు.

పొట్టి మొక్క, పెద్ద ఆశ

ఆ పట్నపు ముచ్చటకూ జగదేవ్‌పూర్‌కూ ఏమిటి సంబంధం అని అడగవచ్చు. సంబంధం ఉన్నది. ఈనాడు ప్రతి ఇంటా సెల్‌ఫోన్ ఉన్నది. అందులో 'ఆటోఫ్లవరింగ్' అనే పొట్టి రకాల గంజాయి గురించి, అల్మారా అంత జాగాలో, నిలబడితే తల తగిలే అటక మీద సైతం పెంచవచ్చునని చెప్పే వీడియోలు కోకొల్లలు. అవి చూసే పిల్లవాడు మాదాపూర్‌లో ఉన్నా ఒకటే, తీగుల్ నర్సాపూర్‌లో ఉన్నా ఒకటే.

ఈ పొట్టి రకం సంగతి రైతులకు సులువుగానే బోధపడుతుంది. వెనుకటి వానాకాలపు వడ్లు ఎప్పుడు నాటినా పొద్దు తగ్గిన తరువాతనే పొట్టకు వచ్చేవి. పుంటికూర, పాత కంది రకాలు ఈనాటికీ అంతే. పగలు కురచై రాత్రి పెరిగితేనే పూస్తాయి. 1966లో వచ్చిన ఐఆర్ 8 వంటి పొట్టి వడ్లు ఆ లెక్క మార్చాయి. వాటికి పొద్దుతో పని లేదు, వయసు నిండితే చాలు. మామూలు గంజాయి కూడా పొద్దు తగ్గితేనే పూసే జాతి, మనిషిని మించి ఎత్తు పెరుగుతుంది. రష్యా, మధ్య ఆసియా బంజర్లలో మాత్రం ఒక పొట్టి జాతి ఉన్నది. దానికి 1924లో రష్యా శాస్త్రజ్ఞుడు యానిషెవ్‌స్కీ 'రుడెరాలిస్' అని పేరు పెట్టాడు. ఆ చలి దేశంలో వేసవి చిన్నది గనుక, పొద్దుతో నిమిత్తం లేకుండా వయసును బట్టి పూయడం ఆ జాతికి అలవాటైంది. దానిని మత్తు ఎక్కువున్న రకాలతో కలిపి విదేశీ విత్తన వ్యాపారులు పుట్టించినవే ఈ ఆటోఫ్లవరింగ్ రకాలు.

అంటే వడ్ల విషయంలో ఆకలి తీర్చిన ఉపాయాన్నే ఇక్కడ చట్టం కన్నుగప్పే పనికి వాడుకుంటున్నారన్నమాట. మొక్క పొట్టిది, కాలం తక్కువ, బయటికి కనబడదు. కనుక భయం లేదు, లాభం మాత్రం మెండు అని ఆ వీడియోలు నమ్మబలుకుతాయి. పత్తికి ధర రాక, బోరుకు నీరు అందక, చదివిన చదువుకు కొలువు దొరకక ఉన్న యువకునికి ఆ మాట తీయగానే ఉంటుంది. అయితే పట్టుబడినవాని తల్లి కోర్టు చుట్టూ తిరిగే వీడియోను మాత్రం ఎవరూ పెట్టరు గదా!

జగదేవ్‌పూర్ మండలంలో ఇటువంటి గది పట్టుబడిందని ఈ మాటలకు అర్థం కాదు. గజ్వేల్‌కూ భువనగిరికీ నడుమన ఉన్న ఈ ప్రాంతం నుంచి పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి హైదరాబాద్‌లో పని చూసుకొని రావచ్చు. పట్నం కూరగాయలు ఎక్కడినుంచి అడుగుతుందో, పట్నపు చెడుగు కూడా అక్కడిదాకానే వస్తుంది. నిప్పు అంటుకున్న తరువాత బావి తవ్వడం కంటె ముందే మాట్లాడుకోవడం మేలు.

ఒక్క మొక్కైనా నేరమే

గ్రామస్థులలో ఒక దురభిప్రాయం ఉన్నది. కిలోలకొద్దీ సరుకు ఉంటేనే కేసు, ఇంట్లో ఒకటి రెండు మొక్కలుంటే ఏమీ కాదు అన్నది ఆ అభిప్రాయం. ఇది ముమ్మాటికీ తప్పు. 1985 నవంబరు 14 నుంచి అమలులో ఉన్న మత్తుపదార్థాల చట్టం గంజాయి మొక్కను పెంచడాన్నే నిషేధించింది. సరుకు దగ్గర ఉంచుకుంటే తూకాన్ని బట్టి శిక్ష మారుతుంది. కిలో వరకు ఉంటే ఏడాది దాకా జైలు, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే తక్కువలో తక్కువ పదేళ్లు, ఎక్కువైతే ఇరవై ఏళ్లు. మొక్క పెంచిన నేరానికి మాత్రం ఈ తూకపు లెక్క లేదు. పదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. చేనైనా, పెరడైనా, కుండీ అయినా, మొక్క పొట్టిదైనా పొడుగుదైనా చట్టానికి తేడా లేదు.

గది అద్దెకిచ్చినవారి సంగతి కూడా చూడాలి. తన ఇంట్లోగాని, షెడ్డులోగాని, కొట్టంలోగాని ఇటువంటి పని జరుగుతున్నదని తెలిసి ఊరుకున్న యజమానికి కూడా, ఆ నేరం చేసినవానికి పడే శిక్షే పడుతుందని చట్టంలోని 25వ సెక్షను చెబుతున్నది. కోళ్లు తీసేసి ఖాళీగా పడి ఉన్న ఫారాలు, హైదరాబాద్‌లో స్థిరపడినవారు తాళం వేసి పోయిన ఇళ్లు పల్లెల్లో చాలానే ఉన్నాయి. వచ్చినవాడు ఎవడు, ఏ ఊరివాడు, ఏ పనికి అడుగుతున్నాడు అని విచారించకుండా, అడిగినదానికంటె ఎక్కువ కిరాయి ఇస్తున్నాడు గదా అని తాళం చేతికి ఇచ్చేవారు ఆలోచించుకోవాలి. తరువాత 'నాకు తెలియదు' అంటే సరిపోదు. ఈ చట్టం కింద విచారణకు వచ్చినప్పుడు తెలియదని రుజువు చేసుకోవలసిన భారం చాలావరకు నిందితుని మీదనే పడుతుంది.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. తన భూమిలో దొంగతనంగా గంజాయి పెరుగుతున్నట్లు తెలిసిన పట్టాదారు వెంటనే పోలీసులకుగాని ఎక్సైజ్‌వారికిగాని చెప్పాలని 46వ సెక్షను ఆదేశిస్తున్నది. అదే బాధ్యతను 47వ సెక్షను సర్పంచి మీద, పంచాయతీ సభ్యుల మీద, గ్రామ ఉద్యోగుల మీద ఉంచింది. తెలిసి చెప్పకపోతే వారూ శిక్షకు పాత్రులే. 'మనకెందుకు వచ్చిన గొడవ, వాడు మనవాడే గదా' అని ముఖం తిప్పుకొనే పెద్దమనుషులు ఈ రెండు సెక్షన్లను గుర్తుంచుకోవడం అవసరం.

గంజాయి పెంచినవారికి అప్పుడు అమలులో ఉన్న రైతుబంధు సాయం నిలిపివేస్తామని 2021 అక్టోబరులో నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు హెచ్చరించారు. పథకాల పేర్లు మారుతుంటాయి. పట్టాదారు పేరు కేసులోకి ఎక్కితే రైతు పరువు పోవడం మాత్రం మారదు.

అమెరికాలో ఉన్నది గదా?

చదువుకున్న పిల్లలు ఒక ప్రశ్న వేస్తారు. అమెరికాలో, కెనడాలో ఉన్నది గదా, ఇక్కడ ఎందుకు తప్పు అని. ప్రశ్నకు జవాబు చెప్పవలసిందే. కెనడా 2018 అక్టోబరు 17 నుంచి గంజాయిని చట్టబద్ధం చేసింది. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఇంటికి 4 మొక్కల వరకు పెంచుకోవచ్చును. జర్మనీ 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దవారికి 3 మొక్కల వరకు అనుమతించింది. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు ఒప్పుకున్నాయి, కొన్ని ఒప్పుకోలేదు. థాయిలాండ్ 2022లో తలుపులు తెరిచింది. సుమారు మూడేళ్లకే, 2025లో, వైద్యుని చీటీ ఉంటేనే అమ్మాలని మళ్లీ బిగించింది. అంటే తెరిచిన దేశాలు కూడా ఇంకా తర్జనభర్జన పడుతూనే ఉన్నాయన్నమాట.

మన దేశంలోనూ నారకు, గింజకు పనికివచ్చే, మత్తు 0.3 శాతానికి మించని జనుము వంటి గంజాయి జాతిని లైసెన్సుతో పండించడానికి ఉత్తరాఖండ్ ప్రభుత్వం అనుమతించింది. అది ప్రభుత్వ లెక్కలో, పొలంలో, పదిమంది ఎదుట జరిగే సాగు. తలుపులు మూసి అటక మీద చేసేదానికి దానితో పోలిక లేదు. చట్టం మార్చాలని ఎవరికైనా అనిపిస్తే అడిగే హక్కు ప్రజాస్వామ్యంలో ఉన్నది. ఆ చట్టం మారేదాకా పక్క దేశపు కాగితం మన ఊరి ఠాణాలో చెల్లదు. పైగా అమెరికా పోవాలనుకునే పిల్లవాడే ఈ కేసులో ఇరుక్కుంటే పాస్‌పోర్టు విచారణలో ఒక చిక్కు. శిక్ష పడితే ఆ అమెరికాయే వీసా నిరాకరిస్తుంది. ఏ దేశాన్ని చూసి తప్పు చేశాడో ఆ దేశపు గడపే తొక్కలేడు.

ఆరోగ్యం సంగతి సరేసరి. గంజాయి వాడినవారిలో దాదాపు పదిమందికి ఒకరు దానికి బానిసలవుతారని, ఇరవై లోపు వయసులో మొదలుపెట్టినవారిలో ఆ లెక్క దాదాపు ఆరుగురికి ఒకరని వైద్యులు చెబుతారు. ఎదిగే వయసులో మెదడు ఇంకా కుదురుకోదు. అప్పుడు పడే దెబ్బకు చదువులో మతిమరుపు, ఎవరో తరుముతున్నారన్న భ్రమ, కొందరిలో పిచ్చి లక్షణాలు కూడా కనబడతాయి. మత్తు పాలు పెంచిన కొత్త రకాలతో ఈ ముప్పు మరింత ఎక్కువ. కల్లులో తెల్లపొడి కలిపితే కూలిపని చేసుకునే కుటుంబాలు ఎట్లా చితికిపోయినాయో మెదక్ ప్రాంతపు పల్లెలకు ఒకరు చెప్పవలసిన పని లేదు. కల్లు దొరకని రోజున వణికిపోతూ పిచ్చిచూపులు చూసిన మనుషులను ఈ ఊళ్లు కళ్లారా చూశాయి.

పేదవానిని వేధించరాదు

అదే సమయంలో అధికారులు గమనించవలసిన విషయం కూడా ఒకటి ఉన్నది. పాతకాలంలో పశువుల కడుపునొప్పికి, కీళ్లనొప్పికి పసరు మందుగా పల్లెల్లో ఈ ఆకు వాడకం ఉండేది. ఆ అలవాటుతో ఏ ముసలమ్మో కొట్టం పక్కన లేచిన మొక్కను పీకకుండా ఉంచవచ్చు. దానంతట అదే మొలిచిన మొక్కకు, విత్తి నీళ్లు పోసి పెంచిన మొక్కకు తేడా ఉన్నది. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో, నిందితుడు సాగు చేశాడనడానికి సాక్ష్యం లేకుండా భూమిలో మొక్కలున్నంత మాత్రాన నేరం రుజువైనట్లు కాదని సుప్రీంకోర్టు చెప్పి అతనిని విడిచిపెట్టింది. కనుక పేపర్లో లెక్క చూపడం కోసం నోరులేనివారి మీద కేసులు పెట్టి, విత్తనం పంపేవాణ్ణి, సరుకు కొనేవాణ్ణి వదిలిపెట్టడం న్యాయం కాదు. కొరియర్ పొట్లాల మీద, అమ్మకపుదారుల మీద నిఘా పెడితేనే వేరు తెగుతుంది. ఆకులు గిల్లితే చెట్టు చావదు.

పొలం గట్టునగాని, పెరట్లోగాని తెలియని మొక్క మొలిచి గంజాయి అని అనుమానం వస్తే గుట్టుచప్పుడు కాకుండా కప్పిపెట్టడం మంచిది కాదు. సర్పంచికిగాని పోలీసులకుగాని చెప్పి, పంచనామా జరిపించి వారి ఎదుటనే పీకించడం శ్రేయస్కరం. దానివల్ల రైతుకు రక్షణ, అధికారులకు పని సులువు.

అలవాటులో పడ్డ పిల్లవాణ్ణి దాచిపెట్టడం కూడా ప్రమాదమే. కొద్ది సరుకుతోగాని, వాడకంతోగాని పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రిలో చికిత్సకు చేరితే, కొన్ని షరతుల మీద అతనిపై విచారణ లేకుండా చేసే వెసులుబాటు చట్టంలోని 64-ఎ సెక్షనులో ఉన్నది. చికిత్స మధ్యలో మానివేస్తే ఆ రక్షణ పోతుంది. వ్యసనం మాన్పించే సలహాకు 14446 నంబరు, మత్తుపదార్థాల సమాచారం చెప్పడానికి 1933 నంబరు కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసింది. తల్లిదండ్రులు పరువుకు పోయి తలుపులు వేసుకుంటే రోగం ముదురుతుంది.

గది ఉంటే గౌరవంగా పండించవచ్చు

చిన్న గది, ఎత్తు తక్కువ షెడ్డు ఉన్నవానికి సంపాదన మార్గమే లేదా? ఉన్నది. పుట్టగొడుగులకు పొలం అక్కరలేదు, ఎండ అక్కరలేదు. ముత్యపు చిప్ప పుట్టగొడుగుకు వరిగడ్డి చాలు. గడ్డిని నానబెట్టి, వేడినీటిలో శుద్ధి చేసి, నీరు ఓడ్చి, సంచుల్లో పొరలు పొరలుగా విత్తనం వేసి చీకటి గదిలో ఉంచితే రెండు మూడు వారాల్లో తెల్లటి బూజు అల్లుకుంటుంది. తరువాత తేమ, గాలి తగిలేట్లు చూసుకుంటే సుమారు నెలకు మొదటి కాపు చేతికి వస్తుంది. దీనికి 20 నుంచి 30 డిగ్రీల వేడి అనుకూలం. ఎండాకాలంలో 35 డిగ్రీల దాకా తట్టుకునే పాల పుట్టగొడుగు ఉన్నది. కోసిన సరుకు ఒకటి రెండు రోజులకంటె ఆగదు గనుక కొనేవాణ్ణి ముందే చూసుకొని మొదలుపెట్టాలి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో అడిగి తెలుసుకొని దిగితే నష్టం తక్కువ.

కూరగాయల నారు పెంపకం మరొకటి. గజ్వేల్ చుట్టుపక్కల టమాట, మిరప, వంగ వేసే రైతులు ఎందరో ఉన్నారు. తక్కువ ఎత్తున నీడ వల కట్టి, ట్రేలలో నారు పోస్తే నెల తిరిగేసరికి అమ్మకానికి వస్తుంది. వీటిలో లక్షలు రాలిపడతాయని ఎవరైనా చెబితే నమ్మరాదు. రాత్రి కుక్క మొరిగితే ఉలిక్కిపడకుండా నిద్రపోవచ్చునన్నది మాత్రం నిజం.

ఇకనైనా సంబంధిత శాఖలు మేల్కొనవలసి ఉన్నది. జిల్లా కేంద్రంలో ర్యాలీ తీసి ఫొటో దిగితే సరిపోదు. ప్రతి జూనియర్ కళాశాలలో, ప్రతి రైతువేదికలో చట్టం ఏమి చెబుతున్నదో విప్పి చెప్పాలి. గ్రామాల్లో చాటింపు వేయించాలి. గజ్వేల్ ఆసుపత్రిలో వారానికి ఒక రోజైనా వ్యసనపరులకు కౌన్సెలింగ్ జరిగితే పేదలు ఎర్రగడ్డ దాకా పోవలసిన అగత్యం తప్పుతుంది. సమాచారం చెప్పినవాని పేరు బయటికి పొక్కకుండా పోలీసువారు హామీ ఇవ్వాలి. ఆ హామీ లేనిదే ఊళ్లో ఎవరూ నోరు విప్పరు.

అన్నిటికంటె ముందు ఇంటి పెద్ద కన్ను కావాలి. కొడుకు గదికి ఉన్నట్టుండి తాళం ఎందుకు పడింది, అటక మీద రాత్రంతా దీపం ఎందుకు వెలుగుతున్నది, కరెంటు బిల్లు ఎందుకు పెరిగింది అని అడగడానికి పోలీసు అక్కరలేదు, తల్లి చాలు. అడిగితే కొడుకు అలుగుతాడేమో. అలిగిన కొడుకు పూటకో రోజుకో అన్నానికి వస్తాడు. జైలుకు పోయిన కొడుకు కోసం మాత్రం ములాఖాత్ నాడు గేటు ముందు నిలబడవలసిందే.